కర్నూలులో పాత కారుకు వైరింగ్ పరీక్ష: ఒక రేకుల షెడ్డు పనితనం

కర్నూలు బళ్లారి చౌరస్తా దాటిన తరువాత లారీల బాడీ పనులు, పంక్చర్లు, రేడియేటర్ల మరమ్మతులు జరిగే వరుసలో ఒక రేకుల షెడ్డు ఉంది. దాని బోర్డు మీది పేరు ఎండకు వెలిసిపోయి, ‘ఆటో ఎలక్ట్రికల్’ అన్న అక్షరాలు మాత్రమే చదవడానికి మిగిలాయి. మా 1997 నాటి మారుతీ 800ను అక్కడ మూడు రోజులు ఉంచి తెచ్చుకున్నాను. అక్కడ జరిగిన పనిని, అయిన ఖర్చును, నాకు నచ్చని విషయాలను కూడా కలిపి వ్రాస్తున్నాను. పాత బండికి సామాను మార్చేవారు ప్రతి సందులోనూ దొరుకుతారు గాని, లోపం ఎక్కడుందో కొలిచి చెప్పేవారు అరుదు. ఈ దుకాణంలో నేను ప్రధానంగా డబ్బు చెల్లించింది ఆ వెతుకులాటకే.

కారు మా నాన్నగారు కొన్నది, ఏపీ 21 నంబరుది. 796 సీసీ ఇంజను, మూడు సిలిండర్లు, కార్బురేటర్. ఆ తరువాత వచ్చిన ఎంపీఎఫ్ఐ కార్లలో (కార్బురేటర్ బదులు కంప్యూటర్ అదుపులో పెట్రోలు చిమ్మే కార్లలో) ఉండే కంప్యూటర్ పెట్టె ఇందులో లేదు కాబట్టి, స్కానర్ తగిలించి లోపం నంబరు చదువుకునే సౌకర్యమూ లేదు. మా ఊరి మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీదనే, పెనుకొండ దగ్గరి ఎర్రమంచిలో తయారవుతున్న కియా కార్లకు ఏదైనా జబ్బు చేస్తే ముందుగా తగిలించేది స్కానరునే. మా బండికి మాత్రం మీటరు, టెస్టు బల్బు, ఓపిక, ఈ మూడే వైద్యం. పైగా దీనికి ఇంకొక చరిత్ర ఉంది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరి మీదికి వచ్చినప్పుడు, కొండారెడ్డి బురుజుకు దగ్గరలోని మా వీధిలో ఈ కారు సీట్ల ఎత్తు వరకు నీటిలో నిలిచింది. నీరు తీసిన తరువాత ఇంజన్ ఆయిలు, సీట్లు, కార్పెట్ మార్చాము. వైరింగును ఎండబెట్టి సరిపెట్టుకున్నాము. ప్రమిదలో ఒత్తి నూనెను పీల్చినట్టు రాగి పోగులు తమ మధ్యలోకి నీటిని లాక్కుంటాయని, పైన ప్లాస్టిక్ తొడుగు కొత్తదానిలా మెరుస్తున్నా లోపల రాగి పచ్చబారి పొడిగా రాలిపోతుందని అప్పటికి మాకు తెలియదు.

గత ఏడాదిగా ఈ కారు నాలుగు రకాలుగా ఇబ్బంది పెట్టింది. మూడు రోజులు కదపకుండా ఉంచితే నాలుగో రోజు ఉదయం బ్యాటరీ పూర్తిగా దిగిపోయేది. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు కూడా ఒక్కొక్కసారి తాళం తిప్పితే సెల్ఫు టిక్కుమని ఊరుకునేది. రాత్రి పూట హెడ్‌లైట్లు పసుపు నీళ్ల రంగులో వెలిగేవి. అన్నిటికంటే విచిత్రమైనది, పార్కింగ్ లైట్లు వెలుగుతుండగా బ్రేకు తొక్కితే వెనుక కుడివైపు ఇండికేటర్ మసకగా వెలగడం. ఈ నాలుగూ ఒకే జబ్బు లక్షణాలని నేను అనుకున్నాను. అవి నాలుగు వేరు వేరు జబ్బులు.

ఇక్కడికి రాకముందు వేరే రెండు చోట్ల చూపించాను. ఒకచోట కొత్త బ్యాటరీ వేయించారు, 4,200 రూపాయలు. వారం తిరగకముందే అదీ దిగిపోయింది. రెండోచోట డైనమో విప్పి బేరింగులు, బ్రష్షులు, డయోడ్ ప్లేటు మార్చారు, 3,600 రూపాయలు. (ఆల్టర్నేటరును మన మెకానిక్కులంతా డైనమో అనే అంటారు, నేనూ అదే మాట వాడుతున్నాను.) ఆ రెండోచోటే హెడ్‌లైట్లు మందంగా ఉన్నాయని 100/90 వాట్ల (దూరపు వెలుగుకు 100, దగ్గరి వెలుగుకు 90) బల్బులు కూడా పెట్టించారు. పదిహేను రోజులకు ఎడమ బల్బు వెనుక ఉన్న హోల్డరు కరిగి వాసన వచ్చింది. ఈ రెండుచోట్లా నా బండికి ఎవరూ మీటరు పెట్టలేదన్న సంగతి, ఈ షెడ్డులో పని చూసిన తరువాతే నాకు తట్టింది.

ఇక్కడి మేస్త్రీ బానెట్ తెరవకముందే అడిగిన ప్రశ్న ఒకటే: “ఎన్ని దినాలు నిలబెడితే సచ్చాది సార్?” మూడు రోజులని చెప్పాను. బ్యాటరీ మీద దాని నిల్వ 35 ఆంపియర్ అవర్ అని చూసి, మనసులో ఏదో లెక్క వేసుకుని, “అట్లయితే పావు ఆంపియర్ పైనే పోతాంది. అది యాడికి పోతాందో పట్టుకోకుండా ఎన్ని బ్యాటరీలు ఏసినా అంతే,” అన్నారు. ముందు బ్యాటరీని రాత్రంతా చార్జి చేయించి, మరునాడు ఉదయం ఒక గంట విడిగా ఉంచి కొలిచారు, 12.6 వోల్టులు వచ్చింది, అంటే బ్యాటరీ మంచిదే. ఇంజను నడుస్తుండగా 14.1, హెడ్‌లైట్లు, ఫ్యాను వేసిన తరువాత 13.7 చూపింది. డైనమో కూడా మంచిదే. అంటే నేను అంతకు ముందు ఖర్చు పెట్టిన 7,800 రూపాయలు మంచి వస్తువుల స్థానంలో మంచి వస్తువులు పెట్టడానికే పోయాయని రెండు నిమిషాలలో తేలింది.

ఆ తరువాత చేసిన పరీక్షను కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ దుకాణం విలువంతా అందులోనే ఉంది. తాళం తీసేసి, అన్నీ ఆపి, తలుపు తెరిచి ఉన్నా లోపలి దీపం వెలగకుండా తలుపు స్విచ్చును టేపుతో నొక్కి పెట్టారు. బ్యాటరీ నెగటివ్ లగ్గును (తీగ చివరి లోహపు బిగింపును) విప్పి, ఆ లగ్గుకూ బ్యాటరీ మొనకూ మధ్య ముందుగా 21 వాట్ల బ్రేకు బల్బును తగిలించారు. నేరుగా మీటరే పెట్టవచ్చు కదా అని అడిగితే, లోపల పెద్ద షార్టు ఉంటే మీటరు ఫ్యూజు పోతుందని, బల్బు అయితే వెలిగి చెబుతుందే గాని చెడిపోదని అన్నారు. బల్బు లోపలి తీగ కాస్త ఎర్రబడింది, అంతే. అప్పుడు బల్బు తీసి మీటరును 10 ఆంపియర్ల మీద పెట్టారు: 0.31. నిద్రపోతున్న బండి గంటకు 0.31 ఆంపియర్ అవర్ చొప్పున రోజుకు ఏడున్నర తాగుతోంది. మూడు రోజులకు ఇరవై రెండు పైన, అంటే బ్యాటరీలో దాదాపు మూడింట రెండు వంతులు. కంప్యూటర్ లేని ఈ కారులో స్టీరియో తన మెమరీ నిలుపుకోవడానికి పోయే కొద్ది మిల్లీ ఆంపియర్లు తప్ప ఇంకేమీ పోకూడదు. కొత్త కార్లలో కూడా 50 మిల్లీ ఆంపియర్లు దాటితే అనుమానించాలంటారు.

ఆపైన ఒక్కొక్క ఫ్యూజు పీకుతూ మీటరు చూశారు. మామూలుగా అయితే ఏదో ఒక ఫ్యూజు పీకగానే అంకె పడిపోతుంది, దొంగ ఏ గదిలో ఉన్నాడో తెలుస్తుంది. ఇక్కడ పెట్టెలోని ఫ్యూజులన్నీ పీకినా అంకె 0.30 దగ్గరే నిలిచింది. నేనయితే అక్కడ చేతులెత్తేసేవాడిని. మేస్త్రీ మాత్రం సంతోషపడ్డారు. ఫ్యూజు పెట్టెలోకి రాకుండానే కరెంటు తాగేవి బండిలో నాలుగైదే ఉంటాయి: డైనమో లావు తీగ, సెల్ఫు, తాళపు స్విచ్చుకు పోయే తీగ, లేదా ఎవరైనా తరువాత బ్యాటరీ నుంచి నేరుగా లాక్కున్న తీగ. డైనమో తీగ విప్పారు, అంకె మారలేదు. అప్పుడు పాజిటివ్ లగ్గు కింద నలుగుతున్న ఒక సన్నని ఎర్ర తీగను వేలితో లాగి చూపించారు. అది బానెట్ గోడలోని రబ్బరు గుండా డ్యాష్‌బోర్డు వెనుకకు పోతోంది. దాన్ని విడదీయగానే మీటరు 0.008కి పడిపోయింది.

ఆ తీగ చివర ఉన్నది 2005లో నాన్నగారు ఒక సామాన్ల దుకాణంలో పెట్టించిన దొంగల అలారం పెట్టె. దాని సైరన్ వరదకు ముందే పాడైతే తీసేశాము. పెట్టె మాత్రం డ్యాష్‌బోర్డు లోపలే ఉండిపోయింది. విప్పి చూస్తే సర్క్యూటు పలక మీద ఎండిన ఒండ్రు ఇంకా అతుక్కునే ఉంది, రెండు రిలేలూ (చుట్టలో పారే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చులు) పట్టుకుపోయి ఉన్నాయి. ఒక్కొక్క రిలే చుట్టకు 0.15 ఆంపియర్ వేసుకుంటే లెక్క సరిపోయింది. లేని దొంగ కోసం ఆ పెట్టె ఇన్నేళ్లుగా కాపలా కాస్తూ బ్యాటరీని తినేసింది. కొత్త సామాను ఒక్కటీ వేయకుండా, ఒక పాతదాన్ని తీసివేయడంతో పెద్ద జబ్బు నయమైంది.

వెనుక లైట్ల సంగతి నాకు ఇంకా ఎక్కువ నేర్పింది. నా దగ్గరా ఒక చవక మీటరు ఉంది. వెనుక దీపపు ఎర్తు తీగకూ బాడీకీ మధ్య నేను ఇంట్లో కూత పరీక్ష (దారి తెగకుండా ఉంటే మీటరు కూసే పరీక్ష) చేసి, కూత వచ్చింది కాబట్టి ఎర్తు బాగుందని తీర్మానించుకున్నాను. మేస్త్రీ నవ్వి, “ఒక్క పోగు మిగిలినా అది కూస్తాది సార్. కూత నమ్మద్దు, బరువు పెట్టి చూడు,” అన్నారు. కూత పరీక్షకు మీటరు పంపేది చాలా స్వల్పమైన కరెంటు. ఆయన బరువు అన్నది అసలు పనిలో లాగే కరెంటును: రెండు బ్రేకు బల్బులు, 21 వాట్ల చొప్పున, మూడున్నర ఆంపియర్లు లాగుతాయి. శిష్యుడు బ్రేకు తొక్కి ఉంచగా, దీపపు హోల్డరు ఎర్తు మొనకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య వోల్టులు కొలిస్తే 3.8 వచ్చింది. అక్కడ 0.2 కంటే ఎక్కువ ఉండకూడదు. అంటే తిరిగి రావలసిన కరెంటుకు దారి మూసుకుపోయి, అది ఇండికేటర్ బల్బు గుండా దొడ్డిదారి వెతుక్కుంటోంది. ఆ మసక వెలుగుకు కారణం అదే. డిక్కీ చాప కింద, స్టెప్నీ పక్కన ఉన్న ఎర్తు బోల్టు విప్పితే కింద తుప్పు పొర, దాని కింద వరద మన్ను. ఇసుక కాగితంతో రుద్ది, పళ్ల వాషరు వేసి బిగించి, పైన వ్యాజలిన్ పూశారు. మళ్లీ కొలిస్తే 0.08. ఈ పనికి పట్టింది ఇరవై నిమిషాలు.

సెల్ఫు టిక్కుమనడానికి కారణం కూడా అదే కుటుంబానికి చెందినది. సెల్ఫు తిప్పుతుండగా ఇంజను దిమ్మకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య 1.6 వోల్టులు కనిపించింది. ఇంజనును బాడీతో కలిపే అల్లిక పట్టీ పచ్చబారి సగం పోగులు తెగిపోయి ఉంది. అట్లాంటప్పుడు సెల్ఫు లాగే కరెంటు ఆక్సిలరేటర్, చోకు కేబుళ్ల గుండా తిరిగి రావడానికి చూస్తుందని, కేబుల్ వేడెక్కి తొడుగు కరిగిన బళ్లు తమ దగ్గరకు వచ్చాయని చెప్పారు. మా చోకు కేబుల్ గట్టిపడిందని నేను రెండేళ్లుగా నూనె వేస్తూ వస్తున్నాను. అది ఈ కారణం చేతనే అని చెప్పలేను గాని, అనుమానం మాత్రం కలిగింది.

హెడ్‌లైట్ల దగ్గర మేస్త్రీతో నాకు కొంత వాదన జరిగింది. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.8 ఉంటే బల్బు వెనుక 10.6 మాత్రమే అందుతోంది. వోల్టులు పది శాతం తగ్గితే ఇటువంటి బల్బుల వెలుగు సుమారు ముప్పై శాతం తగ్గుతుంది కాబట్టి, మా బండి సగం వెలుగు కూడా ఇవ్వడం లేదు. ఈ కారులో లైట్ల కరెంటంతా, అంటే రెండు 55 వాట్ల బల్బులకు తొమ్మిది ఆంపియర్ల దాకా, స్టీరింగ్ పక్కనున్న స్విచ్చులో నుంచే వెళుతోంది. అందులోని రాగి బిళ్లలు ఇరవై ఎనిమిదేళ్ల వాడకానికి నల్లబడ్డాయి. అటువంటి దారిలో వంద వాట్ల బల్బు పెట్టి మరింత కరెంటు లాగితే హోల్డరు కరగక ఏమవుతుంది? స్విచ్చు మారిస్తే చాలదా అన్నది నా వాదన, ఎందుకంటే అసలు వైరింగు అలాగే ఉండాలని నా చాదస్తం. స్విచ్చు మార్చినా మూడేళ్లలో మళ్లీ ఇదే స్థితి వస్తుందని, బ్యాటరీ నుంచి 15 ఆంపియర్ల నీలం ఫ్యూజుతో నేరుగా తీగ తెచ్చి రెండు రిలేలు పెడితే స్విచ్చు మీద పడే బరువు రిలే చుట్టలకు సరిపడేంతే ఉంటుందని ఆయన అన్నారు. ఆయన మాటే నెగ్గింది. కరిగిన హోల్డరు మార్చి, 60/55 బల్బులే తిరిగి పెట్టి కొలిస్తే బల్బు దగ్గర 13.3 వచ్చింది. అదే రాత్రి కోడుమూరు వైపు వెళ్లి చూశాను. రోడ్డు అంచున తెల్లగీత కనబడటం నాకు చాలాకాలం తరువాత ఇదే మొదటిసారి.

మొత్తం ఖర్చు 3,050 రూపాయలు: వెతికినందుకు, పని చేసినందుకు కలిపి 1,800, రిలేలు, తీగలు, హోల్డర్లకు 950, అల్లిక పట్టీ, లగ్గులకు 300. దొరికిన లోపాలతో పోలిస్తే కూలి ఎక్కువ కాదు. అయితే ముందుగా అంచనా చెప్పమంటే ఆయన ససేమిరా చెప్పలేదు. ఎంతసేపు వెతకాలో తెలియనప్పుడు ఎంతని చెప్పాలన్నారు. అది న్యాయమే గాని, చేతిలో లెక్కగా డబ్బున్నవారికి ఇబ్బంది. బిల్లు ముద్రించినది కాదు, క్యాలెండరు కాగితం వెనుక వ్రాసి ఇచ్చినది. బీమాకో ఆఫీసుకో బిల్లు కావలసినవారు ముందే మాట్లాడుకోవాలి.

పనితనంలో నాకు తగిలిన లోటు ఒకటి గట్టిది. హెడ్‌లైట్ రిలేలకు లాగిన కొత్త తీగలన్నీ ఒకే ఎర్ర రంగువి. కంపెనీ వైరింగులో ఒక్కొక్క దారికి ఒక్కొక్క రంగు, దాని మీద ఇంకొక రంగు చార ఉండేది తరువాత వచ్చేవాడు చదువుకోవడానికే. అలారం పెట్టినవారు ఏ గుర్తూ లేని ఎర్ర తీగను బ్యాటరీ నుంచి నేరుగా లాగి చేసిన తప్పులో సగం ఇక్కడా జరిగింది. నేను అడిగిన తరువాత తీగల చివర్లకు కాగితపు చీటీలు చుట్టి పైన పారదర్శకమైన స్లీవు వేశారు. దారుల బొమ్మ నేనే గీసి డ్యాష్‌బోర్డు పెట్టెలో పెట్టుకున్నాను. అతుకులను మాత్రం మెలితిప్పి టేపు చుట్టకుండా, లగ్గులు నొక్కి, సోల్డరు వేసి, ముడుచుకునే స్లీవు తొడిగారు. డ్యాష్‌బోర్డు విప్పినప్పుడు రెండు ప్లాస్టిక్ క్లిప్పులు విరిగాయి. ఆ సంగతి ఆయనే చెప్పారు, అయినా గుంతలలో ఇప్పుడు గలగల మోగుతోంది.

ఆలస్యానికి కూడా సిద్ధపడే వెళ్లాలి. లారీలు, ట్రాక్టర్లు, ఆటోలు బతుకుతెరువు బళ్లు కాబట్టి వాటికే ముందు వంతు; మా కారు మొదటి రోజు సాయంత్రం వరకు వేపచెట్టు కింద ఊరికే నిలిచింది. కూర్చోవడానికి ఒక బల్ల తప్ప మరేమీ లేదు. మధ్యాహ్నం రేకుల కింద వేడికి మేస్త్రీయే బానెట్ ముట్టుకోవడం మానేస్తారు, కాబట్టి ఎండాకాలంలో తెల్లవారి ఎనిమిదికల్లా వెళ్లడం మంచిది. శుక్రవారం నమాజు వేళ షెడ్డు మూసి ఉంటుంది. ఎంపీఎఫ్ఐ కార్ల ఇంజన్ లైటు వెలిగితే తన దగ్గరకు తేవద్దని, దానికి స్కానర్ ఉన్నచోటికి పొమ్మని నా ఎదుటే ఒకరికి చెప్పి పంపారు. రాని పనిని రాదని చెప్పడం వల్ల ఆయన చేస్తానన్న పని మీద నాకు నమ్మకం పెరిగింది.

మా కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ల గడువు 2012లోనే ముగిసింది. అప్పటి నుంచి ఐదేళ్లకొకసారి పునరుద్ధరించుకుంటున్నాము, మళ్లీ 2027లో తనిఖీకి తీసుకుపోవాలి. అప్పటికి లైట్లు, ఇండికేటర్లు, హారన్ సరిగా ఉంటాయన్న ధైర్యం ఇప్పుడు ఉంది. పని పూర్తయి ఏడు వారాలైంది. ఒకసారి పెళ్లికి వెళ్లి పదకొండు రోజులు బండిని కదపలేదు. తిరిగి వచ్చి తాళం తిప్పితే మొదటి తిప్పుకే అందుకుంది, అంతకు ముందు కొలిస్తే బ్యాటరీ 12.5 చూపింది.

పెట్రోలు ముల్లు మాత్రం ఇంకా తన ఇష్టం వచ్చినట్టు ఊగుతోంది. ట్యాంకు దగ్గరి తీగను ఎర్తుకు తాకిస్తే ముల్లు చివరికంటా కదిలింది కాబట్టి మీటరు, తీగ రెండూ మంచివేనని, లోపం ట్యాంకులోని తేలుడు బిళ్ల (ఫ్లోటు) దగ్గరే ఉందని మేస్త్రీ తేల్చారు. దానికి ట్యాంకు దించాలి. పెట్రోలు తక్కువగా ఉన్నప్పుడు, లారీల రద్దీ లేని రోజు చూసుకుని తీసుకురమ్మన్నారు.